బ్రిటిష్ పతకధారుల వర్ణచిత్రాలు

విక్టోరియా రాణి 1856లో తన పేరిట విక్టోరియా క్రాస్ అనే శౌర్యపతకాన్ని నెలకొల్పింది. మూడేళ్లకే దాన్ని అందుకున్నవారి చిత్రాలు లండన్‌లోని ఈజిప్షియన్ హాల్లో ప్రదర్శనకు వచ్చాయి. చిత్రకారుడు లూయీ దెసాంజ్ క్రిమియా యుద్ధంలోనూ 1857 తిరుగుబాటులోనూ పతకం తెచ్చిపెట్టిన ఘట్టాలనే ఎంచుకున్నాడు. ఆ పటాల్లో మనిషి కంటే అతని సాహసమే ప్రధానం. భారతీయ సిపాయిలు ఈ పతకానికి అర్హులైంది 1911లో.

మొదటి ప్రపంచయుద్ధంలో చిత్రకారుల చూపు ఘట్టం నుంచి ముఖం మీదికి మళ్లింది. ప్రభుత్వం నియమించిన చిత్రకారుల్లో ఫ్రాన్సిస్ డాడ్ సేనాధిపతులను గీస్తే, ఆంబ్రోస్ మెకెవోయ్ నౌకాదళపు విక్టోరియా క్రాస్ వీరులను చిత్రించాడు. వారిలో మరొకడైన విలియం ఓర్పెన్ 1917 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ చేరాడు. ఆయన ఎదుట కూర్చున్నవారిలో ఆర్థర్ రీస్ డేవిడ్స్ అనే యువ వైమానికుడు ఒకడు. ఇతని తండ్రి పాలీ టెక్స్ట్ సొసైటీని స్థాపించిన పండితుడు. తల్లి కూడా బౌద్ధ వాఙ్మయంలో నిష్ణాతురాలే. పేరుమోసిన జర్మన్ వైమానికుడు వెర్నర్ ఫాస్‌ను సెప్టెంబరు 23న కూల్చిన ఖ్యాతి రీస్ డేవిడ్స్‌దే. అక్టోబరులో ఓర్పెన్ అతని చిత్రం గీశాడు. అదే నెల 27న రీస్ డేవిడ్స్ నేలకూలాడు. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు. ఆ సంగతి తెలిశాక ఆ చిత్రాన్ని పతకాల లెక్కగా చూడడం ఎవరికీ సాధ్యం కాదు. ఓర్పెన్ తన యుద్ధచిత్రాలను 1918లో దేశానికి కానుకగా ఇచ్చాడు.

రెండో ప్రపంచయుద్ధం మొదలైన ఏడాదే, 1939లో, కెన్నెత్ క్లార్క్ అధ్యక్షతన యుద్ధ చిత్రకారుల సలహా సంఘం ఏర్పడింది. దాని తరఫున ఎరిక్ కెన్నింగ్టన్ రంగు సుద్దలతో మామూలు సైనికులనూ వైమానికులనూ గీశాడు. మొదటి యుద్ధంలో తానే సైనికుడిగా పనిచేసినందువల్ల కాబోలు, ఆయన చూపు హోదాల దగ్గర ఆగలేదు.

డేమ్ లారా నైట్ 1940లో గీసిన కార్పొరల్ పియర్సన్ చిత్రం ఇంకో అడుగు ముందుకు వేసింది. మండుతున్న విమానం నుంచి పైలట్‌ను బయటికి లాగి, బాంబు పేలినప్పుడు తన దేహాన్నే అడ్డుపెట్టిన మహిళ ఆమె. నైట్ మొదట ఆమె చేతిలో తుపాకి ఉంచింది. వైమానిక దళ మహిళలకు ఆయుధం పట్టే అనుమతి లేనందున దాన్ని చెరిపి విషవాయు ముసుగు పెట్టాల్సి వచ్చింది. ప్రాణానికి తెగించినందుకు పతకమిచ్చిన వ్యవస్థే ఆమెకు తుపాకిని నిరాకరించడం అన్యాయమే.

సలహా సంఘం సేకరించిన దాదాపు 6,000 కృతుల్లో చాలావి లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియానికి దక్కాయి. మిగతావాటిని బ్రిటన్‌లోనూ ఇతర దేశాల్లోనూ ఉన్న ప్రదర్శనశాలలకు పంచారు.