రంభ మేడ – చిలికా ఒడ్డున మన చరిత్ర

చిలికా అనగానే మన బరంపురం వాళ్ళకి పిక్నిక్కే గుర్తొస్తుంది. రొయ్యలు, పీతలు, బోటు షికారు, చలికాలంలో పక్షులు. కానీ చిలికా దక్షిణపు కొసన ఉన్న రంభ అనే చిన్న ఊళ్ళో మన జిల్లా చరిత్ర ఉంది, మన రాష్ట్రం చరిత్ర ఉంది. ఒక విధంగా మన ఇళ్ళలో మాట్లాడే తెలుగు చరిత్ర కూడా ఉంది. పోయిన డిసెంబరులో మా స్కౌటు ట్రూపు రెండు రోజుల క్యాంపుకి అక్కడికి వెళ్ళింది. అక్కడ చూసినవి, మా సోషల్ మాష్టారు చెప్పినవి, తరవాత లైబ్రరీలో చదివినవి కలిపి ఈ వ్యాసం రాస్తున్నాను.

సరస్సు సంగతి

చిలికా ఉప్పునీరు, మంచినీరు కలిసిన సరస్సు. ఇలాంటి సరస్సుల్లో మన దేశంలో ఇదే పెద్దది. వానాకాలంలో దాదాపు 1,100 చదరపు కిలోమీటర్లు ఉంటుంది, ఎండాకాలంలో 900కి తగ్గుతుంది. పూరీ, ఖుర్దా, గంజాం మూడు జిల్లాల్లో పరుచుకుని ఉంది. పూరీ గుడి చరిత్ర చెప్పే ‘మాదలా పాంజి’లో దీని పుట్టుక గురించి ఒక కథ ఉంది. రక్తబాహు అనేవాడు ఓడల మీద పూరీ మీదకి దండెత్తి వచ్చేడట. ముందే తెలిసి జనం ఊరు విడిచి పారిపోయేరట. వాడు కోపంతో సముద్రం మీదకే సైన్యాన్ని తోలితే, సముద్రం వెనక్కి తగ్గినట్టే తగ్గి ఒక్కసారి పొంగి అందర్నీ ముంచేసిందట. అలా లోపలికొచ్చిన నీరే చిలికా అని కథ. శాస్త్రం ప్రకారం సముద్రపు అలలు తెచ్చిన ఇసక మేట వేసి, సముద్రంలో కొంత భాగాన్ని వేరు చెయ్యడంవల్ల ఇది ఏర్పడింది.

కలెక్టరు కట్టించిన మేడ

రంభలో నీటి ఒడ్డునే పెద్ద తెల్లమేడ ఒకటి ఉంది. ఇప్పుడు దాన్ని బాగుచేసి హోటల్‌గా మార్చేరు. మేం బయటనుంచే చూసేం. ఈ మేడని 1790ల్లో థామస్ స్నాడ్‌గ్రాస్ అనే ఈస్టిండియా కంపెనీ అధికారి కట్టించేడు. అప్పుడు గంజాం జిల్లా మద్రాసు కింద ఉండేది, ఆయన ఇక్కడ కంపెనీ తరపున పెద్ద అధికారి.

సరిగ్గా అదే కాలంలో గంజాంలో పెద్ద కరువు వచ్చింది. ఒకవైపు జనం తిండిలేక చచ్చిపోతూ ఉంటే ఇంకోవైపు సరస్సు ఒడ్డున అంత మేడ లేచింది. మాష్టారు ఈ మాట చెప్పేక మేమంతా ఆ మేడ వైపు వేరేగా చూసేం. స్నాడ్‌గ్రాస్ మీద ఆరోపణలు వచ్చి ఉద్యోగం పోయింది. తరవాత లండన్‌లో జరిగిందని ఒక కథ చెప్తారు. కంపెనీ వాళ్ళు పింఛను ఇవ్వనంటే, ఆయన చింకిబట్టలు కట్టుకుని కంపెనీ ఆఫీసు ముందు వీధి ఊడ్చేడట. తమ పాత అధికారి ఇలా వీధి ఊడుస్తున్నాడంటే పరువు పోతుందని డైరెక్టర్లు పింఛను ఇచ్చేరట. ఇది వినగానే అందరం నవ్వేం. కానీ ఆయన పింఛను కథ పుస్తకాల్లోకెక్కింది, ఆ కరువులో పోయినవాళ్ళలో ఒక్కరి పేరు కూడా మనకి తెలీదు. చరిత్ర చదివేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోవాలనిపించింది.

దీవులు

మర్నాడు పొద్దున్న బోటు ఎక్కేం. బోటు నడిపే పెద్దాయన మాతో మొదట ఒడియాలో మాట్లాడేరు. మేం మాలో మేం మాట్లాడుకోవడం విని “మీరూ మనవాళ్ళేనా బాబూ” అని తెలుగులోకి దిగేరు. గంజాం తీరం పొడుగునా తెలుగు మాట్లాడే మత్స్యకారులు తరతరాలుగా ఉన్నారు.

రంభ దగ్గర నీళ్ళలో ఒక పెద్ద బండ, దాని మీద కోసుగా ఉండే స్తంభం, దానికి ఆనుకుని చిన్న గది ఉన్నాయి. దీన్ని బీకన్ ఐలాండ్ అంటారు. రాత్రిపూట పడవలకి దారి తెలియడానికి దీపం పెట్టాలని దీన్ని కూడా స్నాడ్‌గ్రాసే కట్టించేడు. బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్‌లో ఖల్లికోట రాజులు కట్టించిన పాడుబడ్డ బంగళా ఉంది.

ఇంకో దీవి పేరు బార్‌కుడా. మన జువాలజికల్ సర్వే మొదటి డైరెక్టరు నెల్సన్ అనండేల్ చిలికాలో జీవుల్ని పరిశోధిస్తూ, 1917లో ఈ దీవి మీద దొరికిన ఒక కొత్త జీవి గురించి ప్రపంచానికి చెప్పేడు. అది నలికీచు జాతిదే గాని కాళ్ళుండవు, మట్టిలో దూరి బతుకుతుంది. దాని శాస్త్రీయ నామంలోనే దీవి పేరు ఉంది: బార్‌కుడియా ఇన్సులారిస్. మన జిల్లాలో ఒక చిన్న దీవి పేరు ప్రపంచమంతా జంతుశాస్త్రం పుస్తకాల్లో ఉండడం నాకు భలే గర్వంగా అనిపించింది.

ఖల్లికోట రాజా

తరవాతి కాలంలో రంభ మేడ ఖల్లికోట రాజుల చేతికి వచ్చింది. వాళ్ళలో హరిహర మర్దరాజ్ గారు ముఖ్యులు. ఆ రోజుల్లో ఒడియా మాట్లాడేవాళ్ళు ఒక్కచోట లేరు. కటకం, పూరీ, బాలేశ్వరం బెంగాల్ కింద, గంజాం మద్రాసు కింద ఉండేవి. చిలికా మధ్యలోంచే రెండు రాష్ట్రాల సరిహద్దు పోయేది. ఎక్కడ చూసినా ఒడియావాళ్ళు తక్కువమంది అయిపోయి, ఆఫీసుల్లో, బళ్ళలో తమ భాషకి చోటులేక బాధపడేవారు. ఒడియావాళ్ళంతా ఒక్కటి కావాలన్న ఆలోచన గురించి మధుసూదన్ దాస్ గారు, ఖల్లికోట రాజా మొదలైనవారు ఈ రంభ మేడలోనే చర్చించుకున్నారు. 1903 డిసెంబరులో కటకంలో ఉత్కళ సమ్మిళని మొదటి సభ జరిగింది. హరిహర మర్దరాజ్ 1909లో చనిపోయేరు. ఆయన కోరుకున్న ఒడిశా రాష్ట్రం 1936 ఏప్రిల్ 1న వచ్చింది. భాష ఆధారంగా మన దేశంలో ఏర్పడ్డ మొదటి రాష్ట్రం అదే. ఆంధ్ర రాష్ట్రం ఇంకో 17 ఏళ్ళకి, 1953లో వచ్చింది.

క్యాంపులో వచ్చిన ప్రశ్న

సరస్సుకి దగ్గర్లో ఒక తోటలో మా గుడారాలు వేసుకున్నాం. రెండో రాత్రి నెగడు చుట్టూ కూర్చున్నప్పుడు మాష్టారు ఈ సంగతులన్నీ చెప్పేరు. అప్పుడు మా క్లాసు కుర్రాడొకడు అడిగేడు: “మాష్టారూ, మరి ఆ మేడలో కూర్చునే కదా మనల్ని మైనారిటీ చేసేరు? మనమెందుకు దాన్ని చూసి గొప్పగా చెప్పుకోవాలి?”

అందరం ఊరుకున్నాం. అది అబద్ధం కాదు కూడా. మా తాతయ్యగారి నాన్న మద్రాసు రాష్ట్రంలో పుట్టేరు. ఇల్లు మారలేదు, వీధి మారలేదు, కానీ 1936 తరవాత ఆయన ఒడిశాలో ఉన్నారు. మాష్టారు వెంటనే జవాబు చెప్పలేదు. “ఆ రోజుల్లో వాళ్ళు అడిగినదేంట్రా?” అని ఎదురు ప్రశ్న వేసేరు. “మా పిల్లలు మా భాషలో చదువుకోవాలి అన్నారు. మరి మనం అడుగుతున్నదేంటి?” అన్నారు.

నేను ఇంటికొచ్చేక కూడా దీని గురించి చాలా ఆలోచించేను. సరిహద్దు ఎక్కడ గీసినా ఎవరో ఒకరు అవతల ఉండిపోతారు. మనం ఇటు ఉండిపోయినట్టే, ఇచ్ఛాపురం, మందస వైపు ఒడియావాళ్ళు అటు ఉండిపోయేరు. వాళ్ళకీ ఒడియా బడి కావాలి, మనకీ తెలుగు బడి కావాలి. అందుకే 1956లో రాజ్యాంగంలో 350-ఎ అనే అధికరణం చేర్చేరు. మైనారిటీ భాషల పిల్లలకి ప్రాథమిక విద్య మాతృభాషలో చెప్పే ఏర్పాటు ప్రతి రాష్ట్రమూ చెయ్యాలని అందులో ఉంది. రంభ మేడలో ఒడియా పెద్దలు పడ్డ బాధ న్యాయమైనదని ఒప్పుకుంటేనే, మనం తెలుగు కోసం అడగడం కూడా న్యాయమవుతుంది. అందుకే ఆ మేడ మనది కూడా అని నా అభిప్రాయం.

ఇంకో సంగతి. ఆ రాజాగారి సాయంతోనే బరంపురం కాలేజీకి ఖల్లికోట కాలేజీ అని పేరొచ్చింది. 1894లో బరంపురంలో పుట్టిన మన తెలుగువాడు వి.వి. గిరి గారు అందులో చదువుకున్నారు, 1969లో రాష్ట్రపతి అయ్యేరు. ఒడియా రాజు నిలబెట్టిన కాలేజీలో తెలుగు కుర్రాడు చదివి అంతవాడయ్యేడు. మన ఊరి చరిత్ర ఇలాగే కలిసిపోయి ఉంది.

ఇప్పటి చిలికా

1981లో చిలికాని రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తించేరు. కానీ సముద్రపు మొగ పూడుకుపోయి ఉప్పు తగ్గింది, చేపలు తగ్గేయి, గుర్రపుడెక్క పెరిగింది. 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల పట్టికలో చేర్చేరు. 2000లో సముద్రానికి కొత్త మొగ తవ్వేక చేపలు తిరిగొచ్చేయి, 2002లో ఆ పట్టికలోంచి తీసేసేరు. అంటే పూడుకుపోయిన దారి తెరిస్తే సరస్సు మళ్ళీ బతుకుతుందన్నమాట.

మన స్కూల్లో కూడా ప్రతి ఏడూ తెలుగు మీడియంలో చేరే పిల్లలు తగ్గుతున్నారు. తల్లిదండ్రులూ, ఈసారి రంభ వెళ్ళినప్పుడు రొయ్యల కూర తిని వచ్చెయ్యకండి. మేడ చూపించి, ఈ కథలు పిల్లలకి తెలుగులో చెప్పండి. ఫ్రెండ్స్, మీ ఇంట్లో తాతయ్యనో మామ్మనో 1936 గురించి ఏం విన్నారో అడిగి రాసిపెట్టుకోండి. అవి ఏ పుస్తకంలోనూ దొరకవు.