సామల్పట్టి సీమలో మద్యనిషేధము

నేడు కృష్ణగిరి జిల్లాలోనున్న సామల్పట్టి, 1937 నాటికి సేలము జిల్లాలో చేరియుండెను. భారతదేశమున మద్యనిషేధశాసనము తొలుత అమలైన జిల్లా అదియే. ఆ యేట అక్టోబరు 1వ తేదీనుండి అచట కల్లు, సారాయమే గాక మత్తుమందులును నిషిద్ధములైనవి.

శాసనకర్త, నాటి మద్రాసు ప్రధాని రాజగోపాలాచారి, హోసూరు చెంతనున్న తొరపల్లిలో 1878లో జన్మించినవారు. తిరుచెంగోడు ఆశ్రమమునుండి ఆయన ఏండ్ల తరబడి మద్యపానవిరోధప్రచారము సాగించియుండిరి. 1938లో తెలుగు జిల్లాలైన చిత్తూరు, కడపలకును నిషేధము వ్యాపించెను. తఱిగిన అబ్కారీ రాబడిని పూరించుటకై 1939లో అమ్మకపుపన్ను విధింపబడెను. కూలివాని పాత్రనుండి వచ్చు ధనమును ప్రభుత్వమే వలదనుకొనుట ఇందలి విశేషము.

యుద్ధకాలమున సడలిన నిషేధము 1948లో రాష్ట్రమంతట నెలకొని, 1971లో తమిళనాట తొలగింపబడెను. అయినను దొంగసారా ఏ కాలమునను నశింపలేదు. మద్యము బహిరంగముగా అమ్ముడగుచున్న 2024 జూన్‌లోనే కళ్ళకురిచ్చిలో మెథనాలు కలిసిన సారా అరువదిమందికి పైగా ప్రాణములను గొనెను.

శాసనము అంగడిని మూయగలదు, వ్యసనమును మాన్పజాలదు. దానికి చికిత్సయు, ప్రచారమును, రాబడిని వదలుకొను ధైర్యమును కలసిరావలెను. సేలము చరిత్ర నేర్పు పాఠ మిదియే.