సిగ్నల్ లేని చోటు వెతుక్కుంటూ వచ్చిన టెలిస్కోపు



"మీ కొండ మీద సిగ్నల్ కూడా ఉండదట కదా" అని గరివిడిలో ఎవరైనా అంటే మేం తల దించుకునేవాళ్లం. అదే సిగ్నల్ లేని చోటు కోసం బెంగళూరు శాస్త్రవేత్తలు మన రాష్ట్రానికి వచ్చిన సంగతి ఈ మధ్యే చదివాం. అందరికీ చెప్పాలనిపించింది.

ముందు అసలు కథ. 1964-65లో అమెరికాలో పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరు కొమ్ములాంటి పెద్ద యాంటెన్నాతో పనిచేస్తుంటే, ఎటు తిప్పినా ఒకటే మోత. పావురాల రెట్ట వల్లేమో అని కడిగి చూశారు, పోలేదు. అది విశ్వం పుట్టిన సుమారు 3,80,000 ఏళ్లకు బయల్దేరిన వెలుగు. చల్లారి చల్లారి ఇప్పుడు మైనస్ 270 డిగ్రీల దగ్గరుంది. 1978లో వాళ్లకి నోబెల్ వచ్చింది.

ఆ వెలుగు హైడ్రోజన్ వాయువు గుండా మన దాకా వచ్చింది. మొదటి నక్షత్రాలు వెలిగిన కాలంలో ఆ వాయువు దాని మీద సన్నటి గుర్తు వేసి ఉండాలి. దాన్ని పట్టడానికే రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 'సారస్' అనే రేడియో టెలిస్కోపులు కట్టారు. ఆ సంస్థ పెట్టిన సి.వి. రామన్ చిన్నప్పుడు చదివింది మన విశాఖలోనే.

చిక్కేంటంటే, ఆ గుర్తు ఎఫ్ఎం, టీవీ తరంగాలు తిరిగే చోటే ఉంటుంది. పట్నం గోలలో అది దొరకదు. అందుకే సారస్-2ని అప్పటి అనంతపురం జిల్లాలోని టింబక్టు కలెక్టివ్‌లో పెట్టారు. బీడు భూమిని మళ్లీ అడవి చేసినోళ్ల చోటు అది. అక్కడ 63 గంటల రాత్రి ఆకాశాన్ని కొలిచారు. 2017లో ఫలితం చెప్పారు: గుర్తు దొరకలేదు, కానీ మొదటి నక్షత్రాల గురించి వేసిన లెక్కల్లో కొన్ని నిలవవని తేలింది.

అక్కడితో ఆగలేదు. యాంటెన్నా కింద మట్టి పొరలు ఒక్కలా ఉండక కొలతను పాడుచేస్తాయి. నీళ్లయితే ఒక్కలా ఉంటాయని, సారస్-3ని తెప్ప మీద పెట్టి 2020లో కర్ణాటక జలాశయాల్లో తేలించారు. 2018లో ఆస్ట్రేలియాలోని ఒక యాంటెన్నాతో "గుర్తు దొరికింది" అన్న మాట నిజం కాదని, 2022లో 95.3 శాతం నమ్మకంతో చెప్పింది ఈ తెప్పే.

స్కాలర్‌షిప్ ఓటీపీ కోసం గట్టు ఎక్కే మనకి టవరు కావాలి, గట్టిగానే అడుగుదాం. నిశ్శబ్దం గొప్పదని చెప్పి మనల్ని అలాగే ఉంచేస్తామంటే ఒప్పుకోం. కానీ ఇకమీద ఆ మాటకి తల మాత్రం దించం. ఫిజిక్స్ తీసుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు సారస్ గురించి చదవండి. మాకూ సగమే అర్థమైంది. మిగతా సగం ఇక్కడే కలిసి చదువుదాం.