పౌరశాస్త్ర పాఠము: కలకత్తా అనుభవము

ఉన్నత పాఠశాలలో పౌరశాస్త్రము చదువు బాలునకు ప్రభుత్వ భేదములను గురించిన పాఠము సాధారణముగా ఒక పట్టిక రూపమున ఎదురగును. ఒక్కని పాలన రాజరికము. కొందరి పాలన అల్పజనాధిపత్యము. పలువురి పాలన ప్రజాస్వామ్యము. పిమ్మట పార్లమెంటరీ పద్ధతి, అధ్యక్ష పద్ధతి; ఏకకేంద్ర ప్రభుత్వము, సమాఖ్య ప్రభుత్వము. వాని గుణదోషములను కంఠస్థము చేసి, పరీక్షలో వ్రాసి, మార్కులు తెచ్చుకొని, విద్యార్థి ఆ పాఠమును మరచిపోవును. ఇంతకంటె నిరపాయమైన పాఠము వేరొకటి లేదని పెద్దలకు తోచవచ్చును. కాని కలకత్తా నగర చరిత్రను పరిశీలించినవారికి అట్లు తోచదు. ఈ నగరమున ఆ పాఠమే ఒకప్పుడు రాజద్రోహమను పేరు తెచ్చుకొన్నది.

ఈ విభజన ప్రాచీనమైనది. క్రీస్తు పూర్వము 4వ శతాబ్దమున గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిలు పాలకుల సంఖ్యను బట్టి ప్రభుత్వములను మూడు తెగలుగా విభజించెను. అంతటితో ఆగక ప్రతి తెగను మరల రెండు చేసెను. పాలకులు సర్వజన శ్రేయస్సునకై పాలించినచో అది సత్ప్రభుత్వము. స్వలాభమునకై పాలించినచో అది దాని వికృతరూపము. అనగా పాలకులెందరు అను లెక్కతోపాటు, పాలన ఎవరి మేలు కొరకు అను ప్రశ్నయు అందు కలదు. లెక్కను అప్పగించుట సులభము. ప్రశ్న అంత సులభమైనది కాదు. అది తరగతి గదిలో తలయెత్తినపుడు ఏమి జరుగునో కలకత్తా పలుమార్లు చూచినది.

1817 జనవరి 20వ తేదీన గరన్‌హాటాలోని ఒక ఇంటిలో 20 మంది బాలురతో హిందూ కళాశాల ప్రారంభమయ్యెను. పేరు కళాశాలయైనను అందు బడి పిల్లల తరగతులును ఉండెడివి. ఆ బాలురు గోల్డ్‌స్మిత్ రచించిన గ్రీసు, రోము, ఇంగ్లండు చరిత్రలను చదివిరి. ఏథెన్సు పౌరులు సభ చేరి శాసనములు చేసికొనుట, రోమనులు రాజులను వెడలగొట్టి గణరాజ్యమును స్థాపించుట, ఆంగ్లేయులు తమ రాజు అధికారమునకు పార్లమెంటు ద్వారా హద్దులు గీయుట వారికి నిత్యపాఠములు. మరి కిటికీ వెలుపలనున్న ప్రభుత్వమును ఈ పట్టికలో ఏ గడిలో వ్రాయవలెను? బెంగాలును ఏలుచున్నది లండనులో వాటాదారులు గల ఒక వర్తక సంఘము. ఇంగ్లండునకు రాజు కలడు గాని బెంగాలును స్వయముగా ఏలుట లేదు. పార్లమెంటు కలదు గాని అందు బెంగాలు ప్రజలకు చోటు లేదు. పట్టికలో ఇమడని ఆ ప్రభుత్వమే చదువుకొన్న యువకులను ఆలోచింపజేసెను.

1826లో పదునేడేండ్ల వయస్సున హెన్రీ లూయీ వివియన్ డిరోజియో ఆ కళాశాలలో ఉపాధ్యాయుడుగా చేరెను. ఆయన పాఠములు చెప్పుటతో తృప్తిపడక, శిష్యులను వాదమునకు పురికొల్పెడివాడు. 1828లో వెలసిన అకడమిక్ అసోసియేషను అను చర్చాసంఘమున దైవము, విధి, దేశభక్తి మొదలైన విషయములపై ఎవరికి తోచిన పక్షమును వారు సమర్థించుచుండిరి. టామ్ పెయిన్ గ్రంథములు ఆ యువకుల చేతులలో తిరుగాడెను. నగరములోని పెద్దలు కలవరపడిరి. 1831 ఏప్రిలులో డిరోజియో రాజీనామా ఇయ్యవలసి వచ్చెను. అదే సంవత్సరము డిసెంబరు 26వ తేదీన కలరా వ్యాధితో మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 22 సంవత్సరములు మాత్రమే.

గురువు పోయినను వాదించు అలవాటు పోలేదు. 1838లో ఆ విద్యార్థి వర్గమువారే సాధారణ జ్ఞానోపార్జన సభను స్థాపించిరి. రామమోహన రాయల అనుచరుడైన తారాచంద్ చక్రవర్తి దానికి అధ్యక్షుడు. 1843 ఫిబ్రవరి 8వ తేదీన కళాశాల సభామందిరమున ఈ సభ సమావేశమయ్యెను. డిరోజియో శిష్యుడు దక్షిణారంజన్ ముఖోపాధ్యాయ ఒక వ్యాసము చదువ మొదలిడెను. బెంగాలు రాజధానిలో కంపెనీవారి నేరవిచారణ న్యాయస్థానములు, పోలీసు వ్యవస్థ ఎట్లున్నవి అనునది దాని విషయము. గ్రీసు లేదు, రోము లేదు. ఆ నాటి ప్రభుత్వమే పాఠము.

శ్రోతలలో కళాశాల ప్రధానాచార్యుడు కాప్టెన్ డేవిడ్ లెస్టర్ రిచర్డ్‌సన్ ఉండెను. ఆయన కవి, షేక్స్పియరును బోధించుటలో ప్రసిద్ధుడు. వ్యాసము సగములో ఉండగానే ఆయన లేచి, ఈ కళాశాలను రాజద్రోహులకు నెలవు కానీయనని ఆక్షేపించెను. అప్పుడు తారాచంద్ అధ్యక్షస్థానమునుండి ప్రసంగమునకు అడ్డు తగులుట తగదని స్పష్టముగా చెప్పెను. ఆచార్యుడు ఆ నాటి సభలో అతిథి మాత్రమేయనియు, ఆయన తన మాటను వెనుకకు తీసికొననిచో విషయమును కళాశాల పాలక సంఘమునకును, అవసరమైనచో ప్రభుత్వమునకును నివేదింతుమనియు తెలిపెను. దూషణము లేదు, దౌర్జన్యము లేదు. సభా నియమమును పట్టుకొని ఒక భారతీయుడు ఆంగ్లేయాధికారిని నిలువరించిన ఆ క్షణమే కలకత్తా చదివిన పౌరశాస్త్రమునకు మొదటి పరీక్ష యని చెప్పవచ్చును. నగరములోని ఆంగ్ల పత్రికలు ఈ యువకులకు చక్రవర్తి ముఠా యని వెక్కిరింపుగా పేరు పెట్టినవి. ఆ ముఠాయే అదే సంవత్సరము ఏప్రిలు 20వ తేదీన, జార్జి థాంప్సన్ తోడ్పాటుతో బెంగాల్ బ్రిటిష్ ఇండియా సొసైటీని నెలకొల్పినది. తరగతి గది చర్చ ఈ విధముగా బహిరంగ రాజకీయమయ్యెను.

వారి పట్టుదలకు కారణము లేకపోలేదు. మతము, జన్మస్థలము, వంశము, వర్ణము అను కారణములచేత ఏ భారతీయునకును కంపెనీ ఉద్యోగము నిరాకరింపరాదని 1833 నాటి చార్టరు చట్టము విధించినది. కాని ఉన్నత పదవులు అందినవి కావు. సత్యేంద్రనాథ్ ఠాకూరు సివిల్ సర్వీసుకు ఎంపికయగుటకు 1863 వరకు వేచియుండవలసి వచ్చెను. చట్టములోని వాక్యమునకు, కచేరీలోని ఆచరణకు నడుమ 30 సంవత్సరముల దూరము! ప్రభుత్వ స్వరూపమును గ్రంథమున చదివినవాడు ఈ దూరమును కొలువక మానడు.

ఆ దూరమును తన జీవితముననే కొలిచినవాడు సురేంద్రనాథ్ బెనర్జీ. సివిల్ సర్వీసులో ప్రవేశించి, 1874లో ఉద్యోగమునుండి తొలగింపబడి, 1875లో ఈశ్వరచంద్ర విద్యాసాగరుని మెట్రొపాలిటన్ విద్యాలయమున ఆంగ్లాచార్యుడయ్యెను. ఇటలీ దేశభక్తుడు మాజినీ జీవితమును గూర్చియు, భారతీయుల ఐక్యతను గూర్చియు ఆయన చేసిన ఉపన్యాసములకు విద్యార్థులు తండోపతండములుగా వచ్చెడివారు. 1876 జూలై 26వ తేదీన ఆల్బర్టు హాలులో ఇండియన్ అసోసియేషను స్థాపన జరిగెను. ఆ సంవత్సరపు చట్టముననుసరించి నగరపాలక సంఘములోని 72 స్థానములలో 48 స్థానములకు పన్ను చెల్లించువారు ప్రతినిధులను ఎన్నుకొనిరి. ఎన్నికైన వారిలో సురేంద్రనాథుడొకడు. 1899లో వేరొక చట్టము ఎన్నికైన సభ్యుల సంఖ్యను 25కు తగ్గింపగా, ఆయనతో సహా 28 మంది సభ్యులు రాజీనామా చేసిరి. 1921లో ఆయనయే స్థానిక స్వపరిపాలన శాఖ మంత్రియై, 1923లో కలకత్తా మునిసిపల్ చట్టమును తెచ్చెను. స్వపరిపాలనను బోధించిన ఉపాధ్యాయుడు దానిని శాసనముగా వ్రాయగలిగెను. మరుసటి సంవత్సరము దేశబంధు చిత్తరంజన్ దాసు నగరమునకు తొలి మేయరయ్యెను.

ఈ గాలి ఆంధ్రదేశమునకును వీచినది. వంగ విభజన సందర్భమున, 1905 అక్టోబరులో, విద్యార్థులు రాజకీయములలో పాల్గొనిన పాఠశాలలకు సహాయ ధనము నిలిపివేయుదుమని బెదిరించుచు బెంగాలు ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి కార్లైల్ పేర ఉత్తరువు వెలువడెను. దానికి ప్రతిగా 1906లో జాతీయ విద్యాపరిషత్తు వెలసినది. 1907లో బిపిన్ చంద్ర పాల్ తెలుగు జిల్లాలలో పర్యటించినపుడు, రాజమహేంద్రవరమున ఆయన ఉపన్యాసములను చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు తెనిగించి వినిపించిరి. వందేమాతరం బిళ్ళలు ధరించి వచ్చిన విద్యార్థులపై ప్రభుత్వ కళాశాల అధికారులు చర్య తీసికొనిరి. ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు బహిష్కృతులైరి. పాఠము చెప్ప నేర్చుకొనుటకు వచ్చినవానికి తరగతి తలుపు మూసివేయబడినది. కాని ఆయన గ్రంథాలయోద్యమము, వయోజన విద్య ద్వారా ఊరూర తలుపులు తెరచెను. 1910లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాల వెలసినది.

1949 నవంబరు 26వ తేదీన ఆమోదము పొందిన రాజ్యాంగము 1950 జనవరి 26 నుండి అమలులోనికి వచ్చినది. ఆనాటినుండి పుస్తకములోని ప్రభుత్వము, కిటికీ వెలుపలి ప్రభుత్వము పేరునకు ఒక్కటే అయినవి. అయినను పాఠము ముగియలేదు. 1975 - 77 సంవత్సరముల అత్యవసర పరిస్థితిలో పార్లమెంటు ఉండెను, న్యాయస్థానములు ఉండెను, పట్టికలో గడి మారలేదు. పౌరుల హక్కులు మాత్రము నిలిచిపోయెను. రూపము నిలిచినంతమాత్రమున సారము నిలువదని ఆ అనుభవము తెలిపినది. 1988లో చేసిన 61వ రాజ్యాంగ సవరణచే ఓటు వయస్సు 21 నుండి 18కి తగ్గినది. ఉన్నత పాఠశాల విడిచిన రెండుమూడేండ్లకే విద్యార్థి ఓటరగుచున్నాడు. 2005 నాటి సమాచార హక్కు చట్టము ప్రకారము పది రూపాయల రుసుముతో కేంద్ర ప్రభుత్వ కార్యాలయమును ప్రశ్నించి, సామాన్యముగా 30 దినములలో ప్రత్యుత్తరము పొందవచ్చును. 1843లో తారాచంద్ ఏ సభామందిరమున పట్టుదలతో నిలబెట్టిన హక్కో, అది నేడు చట్టసమ్మతమైన ఒక దరఖాస్తు.

ప్రభుత్వోద్యోగుల కుటుంబములకు ఈ పాఠము మరింత దగ్గరిది. ప్రభుత్వమనునది వారి ఇండ్లలో పట్టికగా ఉండదు. ఉదయము భోజనము చేసి, సంచి తగిలించుకొని కార్యాలయమునకు బయలుదేరు తండ్రిగానో, తల్లిగానో ఉండును. పౌరశాస్త్ర పుస్తకము ముందు పెట్టుకొన్న పిల్లవాడు, పాలన ఎవరి మేలు కొరకని అడిగినచో, ముందు పాఠము అప్పగింపుమని కసరుట సులభము. రిచర్డ్‌సను మహాపండితుడయ్యును అట్లే చేసెను. ఆ ప్రశ్నకు ఇంటిలో సమాధానము చెప్పగలిగిన ఉద్యోగి, మరునాడు తన బల్ల ముందు నిలిచిన పౌరునకును చెప్పగలుగును. హిందూ పాఠశాల నేటికిని కాలేజీ వీధిలో ఉన్నది. ఆ దారిని పోవు తెలుగు తల్లిదండ్రులు పిల్లలకు దానిని చూపి, తారాచందుని కథ చెప్పినచో, పట్టిక మరచిపోయినను ప్రశ్న వారికి జ్ఞాపకముండును.