'వైస్': ఒక చిన్న ఉపసర్గ వెనుక చరిత్ర

వైస్ కెప్టెన్, వైస్ ప్రిన్సిపాల్, వైస్ ఛాన్సలర్ వంటి మాటలు మీకు కొత్త కాదు. యూనివర్సిటీలో అయితే 'వీసీ' అనే రెండక్షరాలతోనే సరిపెడతాం. ఇంతకీ 'వైస్' అంటే ఏమిటి? రెండో స్థానం అనో, కింది స్థాయి అనో చాలామంది అనుకుంటారు. మాట పుట్టుకను బట్టి చూస్తే దాని అసలు అర్థం వేరు.

ఇది లాటిన్ మాట. ఆ భాషలో 'వికిస్' అంటే వంతు, మార్పు. దాని విభక్తి రూపమైన 'వికె'కు 'స్థానంలో', 'బదులుగా' అని అర్థం. అదే ఇంగ్లీషులో 'వైస్' అయింది. దుర్గుణం అనే అర్థంలో వాడే 'వైస్' మరో మాట. అది 'వితియుం' నుంచి వచ్చింది. ఈ రెండింటికీ చుట్టరికం లేదు.

ఈ ఉపసర్గ మన చరిత్రలోకి పాలకులతో వచ్చింది. 1505లో పోర్చుగల్ రాజు ఫ్రాన్సిస్కో ద అల్మీదాను తన వైస్రాయ్‌గా భారతదేశానికి పంపాడు. వైస్రాయ్ అంటే రాజు స్థానంలో ఉన్నవాడు. లిస్బన్ నుంచి ఓడ రావడానికే నెలలు పట్టే రోజులవి. ప్రతి విషయానికీ రాజు ఆజ్ఞ కోసం ఎదురుచూస్తే పాలన సాగదు. 1858 నవంబరు 1న విక్టోరియా రాణి ప్రకటనతో కానింగ్ తొలి బ్రిటిష్ వైస్రాయ్ అయ్యాడు. చట్టం ప్రకారం అతని పదవి గవర్నర్ జనరలే. రాణికి ప్రతినిధి కనుక వైస్రాయ్ అన్నారు. 1947 ఆగస్టు 15తో ఆ బిరుదు అంతరించింది.

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. కలకత్తాకు గవర్నర్ జనరలే ఛాన్సలర్. దేశపాలన చూసే వ్యక్తికి రోజువారీ విద్యా వ్యవహారాలకు తీరిక ఎక్కడిది? ఆయన స్థానంలో ఆ పని చూసేవారే వైస్ ఛాన్సలర్. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి కట్టమంచి రామలింగారెడ్డి తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు.

స్వతంత్ర భారతంలో ఈ మాటకు అసలైన పరీక్ష 1969లో ఎదురైంది. మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ పదవిలో ఉండగానే మరణించారు. రాజ్యాంగం 65వ అధికరణం ప్రకారం ఉపరాష్ట్రపతి వి.వి.గిరి రాష్ట్రపతి బాధ్యతలు చేపట్టారు. అయితే ఆయన రాష్ట్రపతి ఎన్నికలో పోటీ చేయదలచి రాజీనామా చేశారు. ఇప్పుడు స్థానమూ ఖాళీ, ఆ స్థానంలో నిలవవలసిన వ్యక్తీ లేరు! ఇలాంటి పరిస్థితి కోసం పార్లమెంటు అదే సంవత్సరం మే నెలలో ఒక చట్టం చేసి ఉంచింది. దాని ప్రకారం సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.హిదయతుల్లా జూలై 20 నుంచి ఆగస్టు 24 వరకు రాష్ట్రపతి విధులు నిర్వహించారు. ఆగస్టు 24న, ఎన్నికలో గెలిచిన గిరి పదవి స్వీకరించారు.

'వైస్'ను మనం 'ఉప' అని అనువదించుకున్నాం. సంస్కృతంలో 'ఉప' అంటే దగ్గర, పక్కన అని అర్థం. లాటిన్ మాట 'బదులుగా' అంటే, మన మాట 'పక్కనే' అంటుంది. ఈ రెండు అర్థాలూ కలిస్తేనే ఆ పదవి పూర్తిగా బోధపడుతుంది. మామూలు రోజుల్లో పక్కన ఉండాలి, అవసరమైన రోజున ఆ స్థానంలో నిలవాలి. వ్యక్తులు వస్తారు, పోతారు; పాలన మాత్రం ఒక్క రోజు కూడా ఆగకూడదు. ఆ ఏర్పాటుకు గుర్తే ఈ చిన్న ఉపసర్గ.