బొమ్మ చదువుకు పట్టా

కంటికి చూపి విషయము చెప్పుట మన ఇండ్లలో క్రొత్త విద్య కాదు. వాకిట ముగ్గు పెట్టు ఇల్లాలు, నాటకమునకు తెరలు వ్రాయు చిత్రకారుడు, దుకాణముపై బోర్డు వ్రాయు పెయింటరు, పెండ్లి శుభలేఖ అచ్చువేయు ముద్రాపకుడు, వీరెల్లరును ఆ విద్య ఎరిగినవారే. వీరికి ఏ విశ్వవిద్యాలయమును పట్టా ఈయలేదు, వారును అడుగలేదు. నేడు మన పిల్లలు ఇంటర్మీడియేట్ ముగించి, విజువల్ కమ్యూనికేషన్ డిజైన్ చదివెదమని పలుకుచున్నారు. అనగా అక్షరము, బొమ్మ, రంగు, గుర్తు మొదలగువానిచే ఒక విషయమును చూపరి మనస్సునకు తిన్నగా చేర్చు రూపకల్పన. ఆ మాట వినినంతనే తండ్రి వేయు మొదటి ప్రశ్న యొక్కటే: దానికి డిగ్రీ వచ్చునా?

ఆ ప్రశ్నను తేలికగా తీసివేయరాదు. ఈ విద్య కొరకు మన దేశము నెలకొల్పిన మొదటి జాతీయ సంస్థ దానికి ‘వచ్చును’ అని జవాబు చెప్పుటకు 53 సంవత్సరములు పట్టినది. ఆ కథయే మేమిచట చెప్పబూనినది.

పాశ్చాత్య ఫక్కి చిత్రకళాశాలలు ఆంగ్లేయుల కాలముననే వెలసినవి. 1850లో మద్రాసునందు అలెగ్జాండర్ హంటర్ అను వైద్యుడు ఒక పాఠశాల స్థాపించెను. 1854లో కలకత్తాయందును, 1857లో బొంబాయియందును అట్టివే ఏర్పడినవి. నకలు చక్కగా తీయగల పనివారు దొరకవలెనని పాలకుల కోరిక. చిత్రకారులు కావలెనని విద్యార్థుల కోరిక. ఈ రెంటి నడుమ వ్యాపార ప్రకటన, పుస్తకపు అట్ట, సబ్బుబిళ్ళకు చుట్టు కాగితము ఎవరికిని చెందని పనులుగా మిగిలిపోయినవి. కూల్డ్రే దొర ప్రోత్సాహముతో రాజమహేంద్రవరము నుండి బొంబాయికి వెడలిన దామెర్ల రామారావుగారు గాని, బందరు జాతీయ కళాశాలలో ప్రమోదకుమార ఛటర్జీగారి యొద్ద నేర్చిన అడివి బాపిరాజుగారు గాని అభ్యసించినది చిత్రలేఖనమే. 1930లలో బొంబాయి జె.జె. పాఠశాల కమర్షియల్ ఆర్ట్ అను శాఖను తెరచిన పిమ్మటనే వర్తకుని అవసరమునకు బొమ్మ గీయుట తరగతిలో చెప్పదగిన పాఠమైనది. ఆ పేరులో కొంత చులకన ధ్వనించెడిదని మా యభిప్రాయము. కమర్షియల్ అనగానే కళను అమ్ముకొనువాడని లోకము భావించెను. తరువాతి కాలమున ఆ శాఖ ‘అప్లైడ్ ఆర్ట్’ అను మర్యాదగల పేరుతో 1961లో ప్రత్యేక సంస్థయైనది.

ఇక విజువల్ కమ్యూనికేషన్ అను పేరునకు చదువులలో స్థిరమైన చోటు దొరకినది జర్మనీ దేశమున. 1919లో వైమారునందు వెలసి, 1933లో నాజీల యొత్తిడివలన మూతపడిన బౌహౌస్ పాఠశాల దీనికి పూర్వరంగము. ఆ పాఠశాలవారి చిత్రములు 1922 డిసెంబరులోనే కలకత్తాలో ప్రదర్శింపబడినవన్న సంగతి మనవారిలో చాలమందికి తెలియదు. కాని మన కథకు మరింత దగ్గరైనది ఉల్మ్ అను చిన్న పట్టణము.

ఆ ఊరిలో షోల్ అను కుటుంబముండెను. ఆ యింటి పిల్లలైన హాన్స్, సోఫీ అను అన్నాచెల్లెండ్రు మ్యూనిక్ విశ్వవిద్యాలయములో హిట్లరు ప్రభుత్వమునకు వ్యతిరేకముగా కరపత్రములు పంచుచు పట్టుబడిరి. 1943 ఫిబ్రవరి 22వ తేదీన వారిరువురకును శిరచ్ఛేదము జరిగినది. ఒక కాగితముపై అచ్చువేసిన నాలుగు మాటలకు రాజ్యము చెల్లించిన వెల అది! వారి అక్క ఇంగే షోల్, ఆమె భర్త ఓట్ల్ ఐకర్, స్విట్జర్లాండు శిల్పి మాక్స్ బిల్ కలసి, మృతుల స్మారకముగా ఏర్పడిన నిధి ఆధారముతో 1953లో ఉల్మ్ డిజైన్ పాఠశాలను ప్రారంభించిరి. ప్రచారయంత్రము ఒక జాతిని ఎట్లు మోసగించినదో కన్నులారా చూచినవారు గనుక, చూపుతో చెప్పు విద్యను గణితము, సమాజశాస్త్రము, సంకేతశాస్త్రములతో ముడిపెట్టి బోధించిరి. అందమైన పోస్టరు గీచి గోడకంటించినంతనే వారికి తృప్తి లేదు. అది నిజము పలుకుచున్నదా, చూచువానికి అర్థమగుచున్నదా అని ప్రశ్నించిరి. లుఫ్తాన్సా విమానసంస్థకు అక్షరములు, రంగులు, చిహ్నము అన్నియు ఒకే క్రమములో నడచునట్లు 1962లో ఐకర్ తన విద్యార్థులతో కలసి ఏర్పాటు చేసిన పద్ధతి ఆ చదువు ఫలమే. ఇంత చేసియు ఆ పాఠశాల పదునైదేండ్లకు మించి నిలువలేదు. ప్రభుత్వ సహాయము ఆగుటయు లోపలి కలహములును తోడై 1968లో అది మూతపడినది. దాని విత్తనములు మాత్రము అంతకుముందే మన దేశమునకు చేరినవి.

స్వతంత్రము వచ్చిన పది సంవత్సరములకు భారత ప్రభుత్వము చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అను అమెరికా దంపతులను ఆహ్వానించినది. ఫోర్డు ఫౌండేషనువారు వ్యయము భరించిరి. యంత్రముల రాకతో చేతి వస్తువుల నాణ్యము పడిపోవుచుండగా ఏమి చేయవలెనని ప్రభుత్వము వారినడిగినది. వారు నెలల తరబడి దేశము తిరిగి, 1958 ఏప్రిల్‌లో సమర్పించిన చిన్న నివేదికలో మిక్కిలి పొగడిన వస్తువేదో తెలియునా? మన ఇంటి చెంబు. దానిని ఒక్కడు కూర్చుండి తయారుచేయలేదనియు, తరతరముల వాడుకలో ఆ రూపము తేలినదనియు వారు గుర్తించిరి. చెంబును మరల మొదటినుండి రూపొందింపవలసివచ్చినచో ఎన్ని ప్రశ్నలు వేసికొనవలెను! ఎంత నీరు పట్టవలెను? తలపై మోయుదురా, నడుమున పెట్టుదురా, చేత పట్టుదురా? నిండినప్పుడు, ఖాళీయైనప్పుడు తూకమెట్లుండును? ఒంపునప్పుడు అంచు సరిపోవునా? లోపలి ద్రవము వేడిగా నున్నచో చేత పట్టవచ్చునా? ఇట్లు సాగును వారి విచారణ. ఇట్టి ప్రశ్నలు అడుగుట నేర్పు విద్యాలయమొకటి కావలెనని వారి సిఫారసు. ఇన్ని మాటలలో చెంబును మెచ్చుకొనిన ప్రభుత్వ నివేదిక మరియొకటి మాకు కనబడలేదు.

ఆ సిఫారసు ననుసరించి 1961లో అహమదాబాదునందు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ఏర్పడినది. గౌతం సారాభాయి, గిరా సారాభాయి అను సోదరీసోదరులు దానిని పెంచి పోషించిరి. తొలినాళ్ళలో దానికి సొంత కట్టడము లేదు. లె కార్బూజియే నిర్మించిన సంస్కారకేంద్రమను మ్యూజియములో తలదాచుకొనినది. బాసెల్ నగరమునుండి ఆర్మిన్ హాఫ్‌మన్, ఉల్మ్ నుండి హాన్స్ గూగెలో 1965లో వచ్చిరి. పారిస్ నగరమున పనిచేయుచుండిన అక్షరశిల్పి ఏడ్రియన్ ఫ్రూటిగర్ ఆ దశకముననే వచ్చి, దేవనాగరి లిపిని అచ్చు అక్షరములకు ఎట్లు మలచవలెనో మనవారితో కలసి ఆలోచించెను. మొదట కొద్దిమంది పట్టభద్రులకే శిక్షణ; 1970లో పాఠశాల ముగించిన బాలబాలికలను కూడ చేర్చుకొని దీర్ఘకాలపు చదువు ప్రారంభించిరి.

ఆ చదువు మన కళాశాలల చదువువలె ఉండెడిది కాదు. మొదటి సంవత్సరమున చేతిని, కంటిని సిద్ధపరచు అభ్యాసములు: ఒకే చతురస్రమును పలువిధముల విభజించుట, రంగులను మెట్లుమెట్లుగా కలుపుట, ఆకునో గవ్వనో గంటలకొలది చూచి గీయుట. పల్లెలకు పోయి అచటివారి పనిముట్లను, వాడుకలను గమనించుట. ఆపైన అచ్చుయంత్రము, కెమెరా మున్నగువానితో పని. కడపట నిజమైన సంస్థకు అవసరమైన పనినే కొన్ని నెలలు చేసి, దాని వివరములన్నియు గ్రంథముగా కూర్చి, పెద్దల యెదుట నిలిచి సమాధానము చెప్పవలెను. మూడు గంటల పరీక్షలో వల్లించి వ్రాయునదేదియు లేదు. ఇదియంతయు ముగిసిన పిమ్మట చేతికి వచ్చునది డిప్లొమా మాత్రమే.

రేడియో ఇంట నున్నవారికి ఒక ముచ్చట చెప్పవలెను. ఆకాశవాణికి కన్ను లేదు. దాని గుర్తు చెవికే. ఉదయమున మనము వినునట్టి ఆ రాగమును 1930లలో కూర్చినవాడు చెకొస్లొవేకియానుండి వచ్చిన వాల్టర్ కౌఫ్‌మన్. 1976 ఏప్రిల్ 1వ తేదీన దూరదర్శన్ ఆకాశవాణి నుండి వేరుపడినప్పుడు దానికి కంటి గుర్తు అవసరమైనది. అహమదాబాదు సంస్థలో చదువుచుండిన దేవాశిష్ భట్టాచార్య అను యువకుడు తరగతి అభ్యాసముగా గీచిన రెండు వంపులు, నడుమనొక గుండ్రన, అవియే ఆ కన్నైనవి. కోటానుకోట్ల ఇండ్లలో తిరుగుచు తెరచుకొనిన ఆ గుర్తును గీచునాటికి అతడు విద్యార్థియే. అంతకుముందు 1971లో స్టేట్ బ్యాంకునకు తాళపుచెవి రంధ్రమును తలపించు నీలివృత్తమును ఇచ్చినవాడు అదే సంస్థకు చెందిన శేఖర్ కామత్. తపాలాకార్డుపై, పాసుపుస్తకముపై, ఔషధపు సీసాపై మనము చూచి మరచు రూపములకు వెనుక ఇట్టివారు ఎందరో కలరు. వారి పేర్లు మనకు తెలియవు.

ఇంత పని చేసినను ఆ డిప్లొమా విశ్వవిద్యాలయ పట్టాకు సమానముగా చెల్లలేదు. పట్టా లేనిదే ప్రభుత్వోద్యోగములకు దరఖాస్తు పెట్టుట కష్టము. కళాశాలలో బోధించుటకు, పై పరిశోధనకు అంతకంటె కష్టము. మధ్యతరగతి తండ్రికి ఇది చిన్న విషయమా? మరియొకవైపు, విశ్వవిద్యాలయపు చట్రములో చేరినచో మార్కులు, సిలబసులు వచ్చి స్వేచ్ఛను మింగివేయునను వాదము ఆ సంస్థలో బలముగా నుండెను. ఆ వాదములో నిజము లేకపోలేదు. కాని స్వేచ్ఛకు వెల చెల్లించినవారు విద్యార్థులని మాత్రము చెప్పక తప్పదు. ధనికుల బిడ్డ డిప్లొమాతో తృప్తిపడగలడు. బడిపంతులు బిడ్డ పడలేడు.

ఇచట ఒక విచిత్రము. జె.జె. పాఠశాలలో చదివి, పిదప ఉల్మ్‌లో శిక్షణ పొందివచ్చిన సుధాకర్ నాడ్కర్ణి 1969లో బొంబాయి ఐ.ఐ.టి.లో ఇండస్ట్రియల్ డిజైన్ సెంటరును నెలకొల్పెను. 1984లో అచట విజువల్ కమ్యూనికేషన్ శాఖ కూడ చేరి, ఆ శాఖకు మాస్టర్స్ పట్టా లభించినది. ఇంజనీర్ల నడుమ చేరినందున దొరకిన గౌరవము, ఇదే పనికై పుట్టిన సంస్థకు దొరకలేదు! హైదరాబాదులో 1940లో మొదలై 1972లో జె.ఎన్.టి.యు.లో విలీనమైన లలితకళల కళాశాలయు అప్లైడ్ ఆర్ట్‌లో పట్టా ఇచ్చుచు వచ్చినది. 2008నుండి అది ప్రత్యేక విశ్వవిద్యాలయమునకు చెందినది. కడకు 2014లో పార్లమెంటు చట్టము చేసి అహమదాబాదు సంస్థను జాతీయ ప్రాముఖ్యముగల సంస్థగా ప్రకటించి, పట్టాలిచ్చు అధికారమొసగినది. 2015లో ఆంధ్రప్రదేశ్ శాఖ గుంటూరు చెంత నాగార్జున విశ్వవిద్యాలయపు ఆవరణలో తరగతులు ప్రారంభించి, తరువాత అమరావతి ప్రాంతమందలి శాఖమూరునకు మారినది. 2019నాటి సవరణ చట్టము దానికిని ఆ హోదా కలిగించినది. తెలుగు బాలుడు ఈ చదువుకై సబర్మతీ తీరమునకు పోవలసిన పని తప్పినది.

పట్టా ప్రశ్న తీరినది గాని, అక్షరము ప్రశ్న మిగిలినది. మన తెలుగు ఇండ్లలో కంటికి రుచి నేర్పిన బాపుగారు మద్రాసు విశ్వవిద్యాలయమునుండి పొందినది న్యాయశాస్త్ర పట్టా. ఆయన చేతివ్రాత పుస్తకపు అట్టలపై, సినిమా టైటిళ్ళపై, శుభలేఖలపై వ్యాపించి కంప్యూటరు అక్షరముగా కూడ మారినది. మరియొకవైపు, విండోస్ ఎక్స్‌పీతో కంప్యూటరులో తెలుగు చూచినవారికి ఎదురైన గౌతమి అక్షరములు మహారాష్ట్రుడైన రఘునాథ్ కె. జోషి నేతృత్వమున రూపొందినవి. ఆయన బొంబాయి ఐ.ఐ.టి. డిజైన్ సెంటరులో చాలకాలము విద్యార్థులకు అక్షరకళ నేర్పినవాడు. ఒకరు పట్టా లేక తెలుగు వ్రాతను మలచిరి. ఒకరు తెలుగువారు కాకయే తెలుగు అక్షరమును మలచిరి.

నేడు శాఖమూరులో చేరు విద్యార్థి యెదుట నున్న పని సామాన్యమైనది కాదు. రోమన్ అక్షరము ఒక గీతపై కుదురుగా నిలుచును. తెలుగు అక్షరమునకు పైన తలకట్టు, గుడి, క్రింద వత్తు, ఒక్కొక్కచోట వత్తు క్రింద మరియొక వత్తు. ‘రాష్ట్రము’ అను ఒక్క మాట వ్రాసి చూచినచో తెలియును. విజయవాడ రైల్వే స్టేషనులో మూడు భాషల బోర్డు ముందు నిలుచుండి చూడుడు: తెలుగు, హిందీ, ఇంగ్లీషులకు ఒకే ఎత్తు పట్టీ ఇచ్చినచో ఇంగ్లీషు పెద్దక్షరము ఆ పట్టీని నిండుగా ఆక్రమించును, తెలుగు అక్షరము మాత్రము తలకట్టునకు, వత్తులకు చోటు విడిచి తాను చిన్నదైపోవును. కదలుచున్న బండిలోనుండి చూచు వృద్ధునికి మొదట కనబడునది ఇంగ్లీషే. పట్టీ ఎత్తు ఎంత పెంచవలెను, వత్తును ఎంతవరకు కుదింపవచ్చును, ఏ దూరమునుండి చదువగలరు అనునవి కొలిచి తేల్చవలసినవి.