దస్త్రాలకు కావలి

యూదుల చరిత్ర మ్యూజియంలో ఆర్కైవ్ విభాగానికి పెద్ద అంటే కళ్లజోడు, దుమ్ము, బీరువాలు గుర్తొస్తాయి. బెర్లిన్‌లో ఆ కొలువు పూర్వాపరాలు తెలిసినవారికి మాత్రం ముందు తాళంచెవి గుర్తొస్తుంది. వందేళ్లలో అది ఎన్ని చేతులు మారిందో చూస్తే, దస్త్రం తనంతట తాను మంచిదీ కాదు, చెడ్డదీ కాదు అనిపిస్తుంది.

మొదలు 1905లో. చిన్న ఊళ్లలోని యూదు కుటుంబాలు బెర్లిన్, ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి నగరాలకు వలసపోతున్న కాలమది. ఊళ్లలో ప్రార్థనామందిరాలు మూతపడేవి. పుట్టుకల, పెళ్లిళ్ల, చావుల రిజిస్టర్లు ఎవరింటి అటకమీదో పడి ఉండేవి. మన కరణాల ఇళ్లలో పాత లెక్కల కట్టలకు పట్టిన గతే. వాటన్నిటినీ ఒకచోట చేర్చడానికి బెర్లిన్‌లో జర్మన్ యూదుల సమగ్ర ఆర్కైవ్ పెట్టారు. తొలి అధిపతి ఆయిగెన్ టాయ్‌బ్లర్, రోమన్ చరిత్రలో దిట్ట. నకళ్లు చాలవు, అసలు కాగితాలే రావాలన్నది ఆయన పట్టు. కొన్ని ఊళ్ల యూదు సంఘాలు ససేమిరా ఇవ్వలేదు. అప్పట్లో అది మొండితనంగా కనిపించి ఉంటుంది. అన్నీ ఒకే గదిలో ఉంటే పరిశోధకుడికి ఎంత సులువో, ఎత్తుకుపోయేవాడికీ అంతే సులువని తరవాత తెలిసింది.

1920లో యాకోబ్ యాకోబ్సన్ ఆ కుర్చీలోకి వచ్చాడు. ఆర్కైవ్ అప్పటికే ఒరానియెన్‌బుర్గర్ వీధిలో, బంగారు గుమ్మటమున్న ‘కొత్త సినగాగ్’ అనే ప్రార్థనామందిరం పక్కన ఉంది. 1933 జనవరి 24న అదే వీధిలో బెర్లిన్ తొలి యూదు మ్యూజియం తలుపులు తెరిచింది. సరిగ్గా ఆరు రోజులకు హిట్లర్ ఛాన్స్‌లర్ అయ్యాడు. 1938 నవంబర్‌లో యూదులపై జరిగిన అల్లర్లతో మ్యూజియం మూతపడింది. ఆర్కైవ్‌ను మాత్రం మూయలేదు. దానితో ప్రభుత్వానికి పని ఉంది మరి.

1935 నాటి న్యూరెంబర్గ్ చట్టాల ప్రకారం ఎవరు యూదులో తేల్చేది తాతలు, నాయనమ్మ, అమ్మమ్మల మతం. ఉద్యోగానికీ పెళ్లికీ వంశావళి చూపించాలి. మూడు తరాల కిందట ఫలానా ఆమె ఏ మతంలో పుట్టిందో చెప్పగలిగేది ఆ పాత రిజిస్టర్లే. ప్రేమగా పోగుచేసిన పుస్తకాలు ఒక్కసారిగా ఆరా తీసేవాళ్ల ఆయుధాలయ్యాయి. వంశాల లెక్క చూసే ప్రభుత్వ కార్యాలయం ఆర్కైవ్‌ను చేజిక్కించుకుంది. పాత జర్మన్ చేతిరాతలు, హీబ్రూ తేదీలు చదవగలిగిన యాకోబ్సన్‌ను మాత్రం అక్కడే అట్టిపెట్టింది. 1939లో భార్యా కొడుకూ ఇంగ్లాండ్ చేరారు, ఆయన్ను కదలనివ్వలేదు. 1943లో తెరెజీన్‌ష్టాట్ క్యాంపుకు పంపారు.

ఆయన బతికి బయటపడ్డాడు. ఇంగ్లాండ్ వెళ్లాక ఏం చేశాడంటే, మళ్లీ రిజిస్టర్లే పట్టుకున్నాడు. బెర్లిన్‌లో పౌరసత్వం పొందిన యూదుల జాబితాలను 1962లో, పద్దెనిమిదో శతాబ్దం నుంచి అక్కడ జరిగిన యూదు పెళ్లిళ్ల వివరాలను 1968లో అచ్చు వేయించాడు. చనిపోయిందీ ఆ 1968లోనే. నాకు ఈ మొత్తం చరిత్రలో ఎక్కువగా మనసుకు పట్టే మనిషి ఈయనే. వీరుడని ఎవరూ పాట కట్టలేదు. బలవంతంగా చేయించిన పనినే, బలవంతం పోయాక ఇష్టంగా చేసుకున్నాడు.

రిజిస్టర్ల సంగతి ఇంకా విడ్డూరం. యుద్ధం ముగిసే రోజుల్లో జర్మన్ అధికారులు చాలా పుస్తకాలను మైక్రోఫిల్మ్ తీయించారు. అసలు పుస్తకాలు చాలావరకు మాయమయ్యాయి, ఫిల్ములు మిగిలాయి. ఇవాళ తాతల పేర్లు వెతుక్కునే మనవలు చూసేది తాతలను వేటాడినవాళ్లు తీయించిన బొమ్మలనే.

ఇదే కాలంలో వార్సా ఘెట్టోలో ఆర్కైవ్ మరోలా పుట్టింది. చరిత్రకారుడు ఇమాన్యుయేల్ రింగెల్‌బ్లుమ్ 1940 నవంబర్‌లో రహస్య బృందాన్ని కట్టాడు. శనివారాలు కలుసుకునేవారు కాబట్టి ‘ఓయ్‌నెగ్ షబెస్’, అంటే విశ్రాంతిదిన సంతోషం, అని పేరు. అధికారపత్రాలతో ఆగలేదు వీళ్లు. ట్రామ్ టికెట్లు, రేషన్ కార్డులు, మిఠాయి కాగితాలు, బడిపిల్లల వ్యాసాలు కూడా దాచారు. ఏది దాచదగినదో అధికారి కాకుండా ఆకలితో ఉన్నవాళ్లే నిర్ణయించుకున్న ఆర్కైవ్ ఇది. 1942 ఆగస్టులో, సామూహిక తరలింపులు సాగుతుండగా, నోవొలిప్కి వీధి 68వ నంబరు బడి నేలమాళిగలో పది రేకుపెట్టెలు పాతిపెట్టారు. తరవాతి విడతకు పాల క్యాన్లు రెండు దొరికాయి.

రింగెల్‌బ్లుమ్‌ను 1944 మార్చిలో భార్యాకొడుకులతో సహా చంపేశారు. దాదాపు అరవైమంది బృందంలో బతికినవారు ముగ్గురే: హెర్ష్ వాసర్, ఆయన భార్య బ్లూమా, రాఖెల్ ఔవర్‌బాఖ్. యుద్ధం ముగిసేసరికి వార్సా మొత్తం ఇటుకల గుట్ట. వీధే లేనిచోట 68వ నంబరు వెతకాలి. 1946 సెప్టెంబర్ 18న పెట్టెలు బయటపడ్డాయి. మూతలకు మాటు వేయనందువల్ల నీళ్లు దిగి కాగితాలు ముద్దకట్టాయి. 1950 డిసెంబర్‌లో దొరికిన పాల క్యాన్లలోవి బాగానే ఉన్నాయి. మూడో విడత కూడా పాతిపెట్టారంటారు, అది ఇప్పటికీ దొరకలేదు.

ఘెట్టోలో గంజికేంద్రం నడిపిన ఔవర్‌బాఖ్ ఇజ్రాయెల్ వెళ్లి, 1954 నుంచి 1968 దాకా అక్కడి హోలోకాస్ట్ స్మారక సంస్థ యాద్ వషెమ్‌లో సాక్ష్యాలు సేకరించే విభాగానికి అధిపతిగా ఉంది. అక్కడ మరో మార్పు వచ్చింది. కాగితం మిగలనివాళ్ల మాటే దస్త్రమైంది. ఎదురుగా కూర్చుని విని రాసుకోవడం ఆర్కైవ్ పనిలో భాగమైంది. టాయ్‌బ్లర్ భార్య, చరిత్రకారిణి సెల్మా ష్టెర్న్ కూడా అమెరికాలోని సిన్సినాటిలో 1947లో పెట్టిన యూదు ఆర్కైవ్‌కు తొలి ఆర్కైవిస్టు. ఒకే ఇంట్లో ఇద్దరు, రెండు ఖండాల్లో రెండు మొదళ్లు.

బెర్లిన్‌కు కొత్త యూదు మ్యూజియం 2001లో వచ్చింది. జర్మన్ యూదుల చరిత్రను పరిశోధించే న్యూయార్క్‌లోని లియో బేక్ ఇన్‌స్టిట్యూట్ ఆర్కైవ్‌కు శాఖ కూడా అక్కడే తెరిచారు. ఆర్కైవ్ బాధ్యత కెనడాలో పుట్టిన ఆబ్రీ పామెరెన్స్ తీసుకున్నాడు. ఇప్పుడు కాగితాలు వచ్చేది సంఘాల అటకల నుంచి కాదు, దేశదేశాల్లో స్థిరపడ్డ కుటుంబాల నుంచి. అడిగే తీరూ మారింది. టాయ్‌బ్లర్ సంఘాలకు చెప్పి తెప్పించుకున్నాడు. ఇక్కడ ఒక కుటుంబం నమ్మాలి. తమను తరిమేసిన నగరానికే అమ్మ ఉత్తరాలు తిరిగివ్వడానికి మనసొప్పాలి. ఇవ్వనన్నా తప్పుపట్టలేం. అలా ఇచ్చిన అసలు కాగితాలను బడిపిల్లల ముందు పెట్టి చదివిస్తారు. వీలైనప్పుడు ఇచ్చినవాళ్లే పక్కన కూర్చుంటారు.

అలాంటి కాగితాల్లో జనన ధ్రువపత్రం ఒకటి తీసుకుందాం. మధ్యలో గుమాస్తా గుండ్రటి చేతిరాత: పాప పేరు, తండ్రి వృత్తి. 1939 నుంచి అమల్లోకి వచ్చిన ఆజ్ఞ ప్రకారం మార్జిన్‌లో ఇంకో చెయ్యి ‘సారా’ అన్న పేరు తగిలిస్తుంది, మగపిల్లలకైతే ‘ఇజ్రాయెల్’. దాని కింద, యుద్ధం తరవాత, మూడో చెయ్యి ఆ చేర్పు చెల్లదని రాస్తుంది. ఆమె పెళ్లితో ఇంటిపేరు మారుతుంది, వలసతో సొంత పేరూ ఇంగ్లీషులోకి ఒదుగుతుంది. ఈ కాగితాన్ని ఏ పేరు కింద నమోదు చేయాలో ఆర్కైవ్ బల్ల ముందు కూర్చున్న మనిషి తేల్చాలి. ఏ పేరుతో వెతికినా మనవరాలికి అది దొరకాలి; మార్జిన్‌లోని పేరు మాత్రం ఆ పాప పేరుగా నిలబడకూడదు.